చెన్నై నీళ్లకు ఏ మొక్కలు? ఇంటి ఫిష్ ట్యాంకులో పచ్చదనం కోరుకునేవారికి

పోయిన ఏప్రిల్లో మా బావమరిది వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. వేళచ్చేరిలో వాళ్ల ఫ్లాటు, హాల్లో కొత్తగా పెట్టుకున్న రెండడుగుల ఫిష్ ట్యాంకు. అంతకు నెల ముందు నేనే వెంట ఉండి కొనిపించిన రొటాలా అనే నీటి మొక్క కట్టలు అందులో మొండి కాడలుగా మిగిలాయి. కొసన ఉన్న నాలుగు లేత ఆకులూ మెలితిరిగి పాలిపోయాయి. కింద ఇలా రాశాడు: "బావా, మీరు చెప్పిన మొక్కలే, మీరు చెప్పిన లైటే. మీ ఇంట్లో అడవిలా పెరుగుతాయి, మా ఇంట్లో ఎందుకు చస్తాయి?"

అడగాల్సిన ప్రశ్నే. ఆ రోజు కొళత్తూరులో ఒకే కొట్లో, ఒకే తొట్టిలోంచి తీసిన మొక్కల్ని ఇద్దరం చెరిసగం పంచుకున్నాం. మాది పెరంబూరు, మాకు మెట్రో వాటర్, అంటే ఊరికి సరఫరా చేసే కుళాయి నీళ్లు వస్తాయి. వాళ్లది బోరు నీళ్ల అపార్ట్‌మెంటు. పైగా కింద సంపు పక్కన సాఫ్ట్‌నర్ పెట్టారు. తేడా అంతా అక్కడే ఉందని కనిపెట్టడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. అప్పట్నుంచి ఎవరు "మొక్కల ట్యాంకు పెడదామనుకుంటున్నాం, ఏం కొనాలి" అని అడిగినా మొక్కల సంగతి తర్వాత, ముందు మీ కుళాయిలో ఏ నీళ్లొస్తాయో చెప్పండి అంటాను. లైటు, మట్టి, గ్యాసు డబ్బు పెడితే మారతాయి. వారం వారం పదిహేను లీటర్లు మార్చాల్సిన నీళ్లు మాత్రం మీ ఇంటికి ఏవి వస్తే అవే.

ముందు నీళ్లు

చెన్నైలో ఒకే ఇంటికి మూడు నాలుగు రకాల నీళ్లు రావడం మామూలే: మెట్రో, బోరు, ఎండాకాలం లారీ, తాగడానికి 20 లీటర్ల క్యాను. ట్యాంకు కోసం వీటిలో ఒకదాన్ని, లేదా రెండింటి కలయికని ఎంచుకోవాలి.

మెట్రో నీళ్లు దొరికితే వాటినే వాడండి. క్లోరిన్ కలుపుతారు కాబట్టి బకెట్లో పట్టి ఒక రోజు ఉంచాలి, లేదంటే కొట్లో దొరికే యాంటీ క్లోరిన్ రెండు చుక్కలు వెయ్యాలి. పాత ఫొటో స్టూడియోల వాళ్లకు తెలిసిన హైపో అనే సోడియం థయోసల్ఫేటే అందులో ఉండేది. ఈ నీళ్లు ఏడాదంతా ఒకే తీరుగా ఉండవు. వానాకాలం చెరువుల నీళ్లు ఎక్కువ, దక్షిణం వైపు నెమ్మేలిలో సముద్రపు నీటిని శుద్ధి చేసిన నీళ్లు కలుస్తాయి, పూండి జలాశయానికి మా కండలేరు నుంచి 1996లో మొదలైన కృష్ణా నీళ్లు వస్తాయి. నెల్లూరువాణ్ణి కాబట్టి ఆ చివరి మాట చెప్పకుండా ఉండలేను. అందుకే ఒకసారి కొలిచి ఊరుకోకుండా రెండు మూడు నెలలకోసారి చూసుకుంటూ ఉండాలి.

దేనితో కొలవాలంటే అందరూ పెన్నులాంటి టీడీఎస్ మీటరు కొంటారు. అది నీళ్లలో మొత్తం ఎంత కరిగి ఉందో చెబుతుంది, ఏం కరిగి ఉందో చెప్పదు. సముద్రానికి దగ్గరి బోర్లలో ఆ అంకెలో సగం ఉప్పే కావచ్చు. మొక్కల విషయంలో కావలసినవి ఇంకో రెండు అంకెలు: జీహెచ్ అంటే కాల్షియం, మెగ్నీషియం; కేహెచ్ అంటే బైకార్బొనేటు. చుక్కలు లెక్కపెట్టే టెస్ట్ కిట్లు కొళత్తూరులో దొరుకుతాయి. ట్యాంకు కన్నా ముందు వాటి మీద ఖర్చు పెట్టమని నా సలహా. కిట్ లేకపోయినా కొంత తెలుస్తుంది. సబ్బు నురగ రాక, షవరు రంధ్రాలకు తెల్లటి పొర కట్టి, స్టీలు గ్లాసు మీద మచ్చలు పడుతుంటే మీవి గట్టి నీళ్లు.

ఇక సాఫ్ట్‌నర్ సంగతి. అపార్ట్‌మెంట్లలో ఉప్పు మూటలు పోసి నడిపే ఆ యంత్రం కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టుకుని వాటి బదులు సోడియాన్ని వదులుతుంది. సబ్బు నురగలు కక్కుతుంది, బట్టలు తెల్లబడతాయి, కుళాయిలు మెరుస్తాయి. టీడీఎస్ మీటరు మాత్రం దాదాపు పాత అంకే చూపిస్తుంది. మా బావమరిది ట్యాంకులో జీహెచ్ చుక్క వేస్తే మొదటి చుక్కకే రంగు మారింది. అంటే కాల్షియం దాదాపు లేదు. లేత ఆకులు మెలితిరిగి పాలిపోవడానికి కారణం అదే: కాల్షియం ముదురు ఆకుల్లోంచి కొత్త ఆకులకు కదలదు, నీళ్లలో ఎప్పటికప్పుడు ఉండాల్సిందే. బయటి నుంచి చూస్తే మంచి మెత్తటి నీళ్లు, మొక్కకు ఉప్పు కలిపిన ఖాళీ నీళ్లు. చాలా అపార్ట్‌మెంట్లలో సాఫ్ట్‌నర్‌కు ముందు ఒక కుళాయి ఉంటుంది, తోటకో కారు కడగడానికో. వాచ్‌మన్‌ను అడిగితే చూపిస్తాడు. అక్కడి నుంచి రెండు బకెట్లు మోసుకు రావడం బద్ధకంగానే ఉంటుంది, కానీ సాఫ్ట్‌నర్ నీళ్లలో మొక్కలు పెంచడం కన్నా సులువు.

ఆ ముందు కుళాయిలో వాళ్ల బోరు నీళ్లు టీడీఎస్ మీటరు మీద 900 పీపీఎం చూపించాయి. దీనికి మూడు దారులు. ఆ నీళ్లు అలాగే పోసి, వాటికి తగ్గ మొక్కలే పెట్టుకోవడం. సగం బోరు, సగం క్యాను నీళ్లు కలపడం. క్యాను 50 ఉంటే మొత్తం 475 అవుతుంది, చాలా మొక్కలకు అది చాలు. మూడోది పూర్తిగా ఆర్ఓ నీళ్లు పోసి, మినరల్ పొడి కొని కలుపుకోవడం. మూడోది రొయ్యలు పెంచేవాళ్లకి, ఎర్ర మొక్కల పిచ్చి ఉన్నవాళ్లకి. ఆర్ఓ నీళ్లు పొడి కలపకుండా ఉత్తగా పోస్తే మళ్లీ సాఫ్ట్‌నర్ కథే. ఇంటి ఆర్ఓ మెషిన్ పక్కనుంచి పారబోసే నీళ్లు వృథా అవుతున్నాయని ట్యాంకులో పోసేవాళ్లున్నారు. అందులో ఉప్పంతా చేరి ఉంటుంది, అది ఇల్లు తుడవడానికి ఉంచుకోండి.

నా మట్టుకు నేను రెండడుగుల ట్యాంకు వరకే కలపడం ఒప్పుకుంటాను. రెండడుగులు, అడుగు, అడుగు అంటే సుమారు 56 లీటర్లు. వారానికి పావు వంతు మార్చినా ఒక క్యానులో సగంతో పని అయిపోతుంది. నాలుగడుగుల ట్యాంకు పెట్టి క్యాన్లు మోసే ఉత్సాహం మూడో నెలకు ఎవరికీ ఉండదు.

గ్యాసు పెట్టాలా, వద్దా

నీళ్ల తర్వాత అసలు నిర్ణయం ఇదొక్కటే. లైటు ఎంత, మట్టి ఏది, ఏ మొక్కలు, వారానికి ఎన్ని గంటల పని అన్నవన్నీ దీన్ని బట్టే తేలతాయి. గ్యాసంటే కార్బన్ డయాక్సైడు. మామూలు ట్యాంకు నీళ్లలో అది చేపల ఊపిరి వల్లా, కింద కుళ్లే చెత్త వల్లా లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములు ఉంటే గొప్ప. సిలిండరు పెట్టేవాళ్లు దాన్ని 20 నుంచి 30 దాకా తీసుకెళ్తారు. ఫొటోల్లో కనిపించే పచ్చ తివాచీలు, నిప్పులాంటి ఎర్ర గుబుర్లు ఆ అంకె దగ్గర పుడతాయి. ఫొటో చూసి ముచ్చటపడి, గ్యాసు లేకుండా అదే లైటు కొంటే మీ ఇంట్లో పెరిగేది పాచి.

పెట్టదలుచుకుంటే మూడు రకాలు. చక్కెర, ఈస్టు కలిపిన రెండు లీటర్ల సీసా అన్నిటికన్నా చౌక, అన్నిటికన్నా విసుగు. మన వేడికి ఈస్టు మొదటి వారం పొంగిపోయి తర్వాత చల్లారిపోతుంది, గ్యాసు రోజుకో తీరుగా వస్తుంది. నల్ల గడ్డంలా ఆకుల అంచున పట్టే మొండి పాచికి సరిగ్గా ఇలాంటి హెచ్చుతగ్గులే కావాలి. నిమ్మ ఉప్పు, వంటసోడా కలిపే కిట్ దీనికన్నా చాలా నయం, వాల్వుతో చుక్కలు సరిచేసుకోవచ్చు. అడుగున్నర, రెండడుగుల ట్యాంకుకు గ్యాసు ఎలా ఉంటుందో రుచి చూడాలంటే దీంతో మొదలుపెట్టండి. స్టీలు సిలిండరు, రెగ్యులేటరు ఒకసారి పెట్టుబడి, తర్వాత రీఫిల్ ఖర్చు మాత్రమే. అగ్నిమాపక సిలిండర్లు నింపే చోట చాలామంది నింపించుకుంటారు.

సిలిండరు కొంటే మాత్రం సొలినాయిడ్, అంటే కరెంటుతో తెరుచుకునే వాల్వు, ఉన్న రెగ్యులేటరే కొనండి. నేను డబ్బు మిగులుతుందని అది లేనిది కొన్నాను. నెలకోసారి మెయింటెనెన్స్ పేరుతో పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా కరెంటు తీస్తారు కదా, అలాంటి ఒక రోజు ఆఫీసుకు పోయాను. ఫిల్టరు ఆగింది, నీటి పైభాగం కదలడం ఆగింది, గ్యాసు మాత్రం బుడగలు బుడగలుగా వస్తూనే ఉంది. సాయంత్రం తలుపు తీసేసరికి పదకొండు టెట్రా చేపలు తేలి ఉన్నాయి. మొక్కలు మటుకు నవనవలాడుతూ, ఆకుల అంచుల్లో ఆక్సిజన్ ముత్యాలు కట్టుకుని ఉన్నాయి. ఆ దృశ్యం ఇప్పటికీ మరచిపోలేను. సొలినాయిడ్ ఉంటే కరెంటు పోగానే వాల్వు మూసుకుంటుంది. ఇన్వర్టరు ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి: గ్యాసు, ఫిల్టరు రెండూ ఒకే పాయింటు మీద ఉండాలి. గ్యాసు ఇన్వర్టరు మీద, ఫిల్టరు మెయిన్ మీద ఉంటే సొలినాయిడ్ ఉన్నా లాభం లేదు.

ద్రవ రూపంలో కార్బన్ అని సీసాలు అమ్ముతారు. అందులో ఎక్కువగా ఉండేది గ్లూటరాల్డిహైడ్, ఆసుపత్రుల్లో పరికరాలు శుభ్రం చేసే క్రిమిసంహారకం. పాచిని చంపుతుంది, దాంతో మొక్కలు బాగున్నట్టు కనిపిస్తాయి. గ్యాసుకు బదులు కాదు. వాలిస్నేరియా అయితే దానికి కరిగిపోతుంది.

రోజూ ఆఫీసు నుంచి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరేవాళ్లకు నేను గ్యాసు వద్దంటాను. గ్యాసు ట్యాంకులో మొక్క వారంలో జానెడు పెరుగుతుంది, అంటే వారం వారం కత్తెర పట్టాలి, ఎరువు మానకూడదు, నీళ్లు సగం మార్చాలి. పదిహేను రోజులు ఊరెళ్లొస్తే ట్యాంకు గుర్తుపట్టలేం. గ్యాసు లేని ట్యాంకు నెల రోజులు పట్టించుకోకపోయినా అలిగి కూర్చోదు.

మొక్కలు: వేడికి నిలిచేవి, నిలవనివి

మే నెలలో ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్లు 32 డిగ్రీలు దాటతాయి. పుస్తకాల్లో, విదేశీ వీడియోల్లో చెప్పే మొక్కల్లో సగం 22 నుంచి 26 మధ్య బతికేవి. అందుకని మన జాబితా వేరు.

బోరు నీళ్లున్నవాళ్లకు నా మొదటి ఓటు వాలిస్నేరియాకే. పొడుగాటి రిబ్బన్ ఆకులు, వెనక వరసకు బాగుంటుంది. చాలా మొక్కలు కరిగి ఉన్న గ్యాసునే తీసుకోగలవు. ఇది బైకార్బొనేటు నుంచి కూడా కార్బన్ లాక్కుంటుంది. గట్టి నీళ్లు దానికి అడ్డు కాదు, మేత. ఆకుల మీద సున్నం పొర కట్టినా జడవదు. నాటిన మూడు వారాలు ఏమీ కదలదు, పాత ఆకులు కరుగుతాయి కూడా. తర్వాత ఇసుక కింద తీగ పంపి, జానెడు దూరంలో పిల్ల మొక్క, దాని పక్కన ఇంకోటి. మన చెరువుల్లో కాళ్లకు చుట్టుకునే హైడ్రిల్లా నాచు, వేర్లు లేని హార్న్‌వర్టు కూడా ఈ జాతి తెలివి ఉన్నవే. కొత్త ట్యాంకులో మొదటి నెల హార్న్‌వర్టు ఒక పిడికెడు వదిలేస్తే పాచికి దక్కాల్సిన తిండి అది తినేస్తుంది.

క్రిప్టోకొరైన్ వెండ్టీ శ్రీలంక మొక్క. వేడి, తక్కువ వెలుతురు, గట్టి నీళ్లు అన్నిటికీ సర్దుకుంటుంది. ఒక్క గుణం తెలిసి ఉండాలి: చోటు మారిస్తే ఆకులన్నీ వారంలో జావలా కరిగిపోతాయి. మా ఆవిడ ఒకసారి "చచ్చింది, తీసి పారేద్దాం" అంది. వేరు తీయకుండా ఆకులే గిల్లేశాను. ఇరవై రోజులకు ఇసుకలోంచి వేలి గోరంత గోధుమరంగు ఆకు, చుట్ట విప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ గుబురు అరచేతి వెడల్పు దాటింది. కాబట్టి క్రిప్ట్ కరిగితే పీకకండి, ఆగండి.

అనుబియాస్ అందరూ చెప్పేదే, నిజంగానే చావదు. లావుపాటి అడ్డ కాండాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్లుతుంది, కుట్టు దారంతో కొయ్య మొద్దుకో రాయికో కట్టాలి. దీనికి ఎండ తగిలే చోటు ఇవ్వకండి. నెలకు ఒక ఆకు వేసే మొక్క, ఆ ఆకు మీద పాచి పట్టే వేగం దానికన్నా ఎక్కువ. జావా ఫెర్న్ కూడా ఇలాగే కడతారు కానీ చెన్నై ఎండాకాలానికి అది నల్లబడుతుంది. ఏసీ గది అయితేనే తీసుకోండి. బుసెఫలాండ్రా ఇంకా సుకుమారం, ధర ఇంకా ఎక్కువ.

తొందరగా నిండాలనుకుంటే హైగ్రోఫిలా. వాటర్ విస్టీరియా అని అమ్మే, దువ్వెన పళ్లలా చీలిన ఆకుల రకం మన దేశపు మొక్కే. కొస తుంచి గుచ్చితే చాలు. రొటాలాలో రొటుండిఫోలియా రకం మెట్రో నీళ్లకు గ్యాసు లేకుండా కూడా పెరుగుతుంది, కాకపోతే గులాబీ రంగు రాదు, పచ్చగానే ఉంటుంది. అదే రొటాలా మాక్రాండ్రా మన పడమటి కనుమల్లో పుట్టింది, ప్రపంచమంతా దాని ఎరుపు చూసి మోజుపడుతుంది. చెన్నై బోరు నీళ్లలో పెడితే పుట్టింటి వాసన కూడా గుర్తులేనట్టు ముఖం తిప్పుకుంటుంది. మెత్తటి నీళ్లు, గ్యాసు, గట్టి లైటు మూడూ ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

ముందు భాగంలో తివాచీ కావాలని చాలామంది మాంటే కార్లో అనే చిన్నాకుల మొక్కను కప్పుల్లో కొని తెస్తారు. గ్యాసు లేకుండా, 31 డిగ్రీల్లో అది తివాచీ అవదు, ఒక్కో పోగు తేలిపోతుంది. బదులుగా పొట్టి సాజిటేరియా పెట్టండి. గడ్డిలా ఉంటుంది, గట్టి నీళ్లను ఓర్చుకుంటుంది, నాలుగు నెలల్లో పరుచుకుంటుంది. తేలే మొక్కల్లో అంతరతామర చిన్నవి నాలుగు వేస్తే చాలు, వారానికి సగం తీసెయ్యాల్సి వస్తుంది. తీసినవి కుండీలో ఎరువుగా వెయ్యండి కానీ చెరువులోనో కాలువలోనో పడెయ్యొద్దు. గుర్రపు డెక్క ఏం చేసిందో ఈ ఊళ్లో ఏ చెరువు చూసినా తెలుస్తుంది.

కొట్లో ఒక మోసం గురించి. నీటి మొక్క కానివాటిని నీళ్లలో ముంచి అమ్ముతారు. ఒక కొట్లో "రెడ్ ప్లాంట్, ఈజీ సార్" అంటే మూడు కట్టలు తెచ్చాను. వంకాయ రంగు, ముడతల ఆకులు. నెలన్నరకు కుళ్లాయి. తర్వాత మా అపార్ట్‌మెంటు గేటు పక్కన పూల మడికి అంచుగా అదే మొక్క కనిపించింది, హెమిగ్రాఫిస్. లక్కీ బాంబూ, సింగోనియం కూడా ఇలాగే అమ్ముతారు. కాడను నీళ్లలోంచి పైకెత్తి చూడండి. నీళ్లలో పెరిగింది తడి దారంలా వాలిపోతుంది. కర్రలా నిటారుగా నిలబడి, ఆకు మైనం పూసినట్టు మెరిస్తే అనుమానించండి. అనుబియాస్, క్రిప్ట్ ఈ పరీక్షకు లొంగవు, అవి ఎలాగూ గట్టిగానే ఉంటాయి.

కట్టలు కొనాలా, ల్యాబులో పెంచిన టిష్యూ కల్చర్ కప్పులు కొనాలా? కప్పులో నత్తలు రావు, పురుగుమందు ఉండదు, కానీ గాలిలో జెల్లీ మీద పెరిగిన పసి మొక్కలు. కడిగి నాటాక మొదటి ఆకులు పోయి కొత్తవి వచ్చేదాకా ఓపిక పట్టాలి. రొయ్యలుంటే కప్పులే. లేకపోతే కట్టలు, లేత గులాబీ రంగు పర్మాంగనేట్ నీళ్లలో పది నిమిషాలు ముంచి, బాగా కడిగి. అయినా నత్తలు వస్తాయి. రానివ్వండి, కుళ్లిన ఆకులు తింటాయి.

కింద మట్టి, పైన లైటు

విదేశీ ఆక్వా సాయిల్ అనేది కాల్చిన మట్టి గుళికలు. జపాన్‌కు చెందిన తకాషి అమానో పెట్టిన ఏడీఏ కంపెనీది అన్నిటికన్నా పేరున్నది. రెండడుగుల ట్యాంకులో రెండు అంగుళాల మందానికి 9 లీటర్ల మూట ఒకటి సరిపోతుంది. అది పోషకాలు ఇవ్వడమే కాక నీళ్లలోని కేహెచ్‌ను పీల్చి మెత్తబరుస్తుంది. మెట్రో నీళ్లు, ఆర్ఓ కలిపిన నీళ్లు ఉన్నవాళ్లకు ఆ గుణం రెండేళ్ల దాకా పనికొస్తుంది. బోరు నీళ్లు వారం వారం పోస్తే కొద్ది నెలల్లోనే ఆ శక్తి అయిపోతుంది, డబ్బు సున్నంలో పోసినట్టే. మొదటి మూడు నాలుగు వారాలు అమ్మోనియా కూడా వదులుతుంది, అప్పుడే చేపలు వెయ్యకూడదు.

బోరు నీళ్లకు ఇసుక, వేర్ల దగ్గర గుచ్చే ఎరువు బిళ్లలు, అంటే రూట్ ట్యాబ్లు చాలు. కడిగిన నది ఇసుక మంచిది. ఎం-శాండు అంచులు పదునుగా ఉంటాయి, దుమ్ము వదలదు. బెసంట్ నగర్ బీచ్ నుంచి సంచి నింపుకొచ్చిన మిత్రుడొకడున్నాడు. అందులోని ఉప్పు మొక్కలకు పడదు, గవ్వ పొడి నీళ్లను ఇంకా గట్టిపరుస్తుంది. ఇసుక మీద, రాయి మీద నిమ్మరసం పిండి చూడండి, బుసబుసమంటే సున్నం ఉన్నట్టు.

మూడోది వాల్‌స్టాడ్ పద్ధతి: అడుగున అంగుళం తోట మట్టి, పైన అంగుళం పైచిలుకు ఇసుక. ఖర్చు లేదు, క్రిప్ట్‌లు, కలువ దుంపలు దీన్లో పెరిగినట్టు ఇంకెక్కడా పెరగవు. వర్మీ కంపోస్టు, ఎరువు కలపని ఉత్త ఎర్రమట్టి తీసుకోవాలి. మొక్కల్ని మాటిమాటికీ పీకి చోటు మార్చే చేతులకు ఇది కుదరదు, ఒకసారి పీకితే రెండు రోజులు కాఫీ రంగు నీళ్లే. నా ట్యాంకు ఇదే పద్ధతి. మా బావమరిదికి ఇసుకే చెప్పాను, వాడికి వారానికోసారి సర్దకపోతే తోచదు.

లైటు గురించి ఎక్కువ చెప్పను. గ్యాసు లేని ట్యాంకుకు లీటరుకు 15 నుంచి 25 ల్యూమెన్లు చాలు, అంటే 56 లీటర్లకు వెయ్యి ల్యూమెన్ల పైచిలుకు. ఇంట్లో వాడే రెండడుగుల 10 వాట్ల తెల్ల ఎల్ఈడీ బాటెన్ సుమారుగా అంతే ఇస్తుంది. 6500 కెల్విన్ అని రాసి ఉన్నది తీసుకోండి. గ్యాసు ఉంటే దానికి రెండున్నర, మూడింతలు కావాలి. అప్పుడు అక్వేరియం లైటు కొన్నా, 30 వాట్ల ఫ్లడ్ లైటు వేలాడదీసినా మొక్కకు తేడా తెలియదు, హాల్లో అందం మాత్రం తేడా. టైమరు తప్పనిసరి. మొదటి నెల ఆరు గంటలు, ఆ తర్వాత ఎనిమిది, దాని పైన వద్దు. కిటికీ ఎండ తగిలే గోడ వద్దే వద్దు.

ఎరువుల కొట్టు రహస్యం

బ్రాండు ఎరువు సీసాలు బాగానే పనిచేస్తాయి. ఊళ్లో పొలం ఉన్నవాళ్లకు ఒక దారి చెబుతాను. డ్రిప్‌లో వదిలే 13-0-45 అంటే పొటాషియం నైట్రేటు, 0-52-34 అంటే పొటాషియం ఫాస్ఫేటు. సీసాల్లో ఉండే ముఖ్య సరుకు ఇదే. నా 56 లీటర్ల ట్యాంకుకు వారానికి 13-0-45 గ్రాముకు కాస్త తక్కువ. దాంతో నైట్రేటు లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు పెరుగుతుంది. 0-52-34 చిటికెలో చిటికె. ఎరువుల దుకాణంలో 19-19-19 ఇస్తే తీసుకోకండి, అందులో యూరియా, అమ్మోనియం ఉంటాయి, చేపలకు విషం. ముదురు ఆకుల్లో సూది పొడిచినట్టు చిల్లులు పడితే పొటాషియం తక్కువ. లేత ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము. గట్టి నీళ్లలో ఈడీటీఏ రకం ఇనుము ఎరువు త్వరగా పనికిరాకుండా పోతుంది, డీటీపీఏ రకం అడగండి. చేపలు ఎక్కువ, మొక్కలు తక్కువ ఉన్న ట్యాంకుకు ఇవేవీ అక్కర్లేదు, చేపలే ఎరువు.

ఎండాకాలం

నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. చెన్నై ఉక్కపోతలో బెంగళూరంత తగ్గదు, అయినా పనికొస్తుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. కాబట్టి తగ్గిన నీళ్లకు బదులు క్యాను నీళ్లే పొయ్యాలి. బోరు నీళ్లు పోస్తూ పోతే మే నెలాఖరుకు 900 కాస్తా 1,300 అవుతుంది. నీళ్లను చల్లబరిచే చిల్లరు యంత్రం గురించి అడక్కండి, ట్యాంకు మొత్తం కన్నా అదే ఎక్కువ. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, రాత్రి మొక్కలూ చేపలతో పాటు ఆక్సిజన్ పీలుస్తాయి. రెండు నెలలు రాత్రిపూట ఎయిర్ పంపు ఆన్ చేసి పడుకోండి. గ్యాసు ట్యాంకులకు ఇది మరీ ముఖ్యం.

ఇక చేపలు. గట్టి నీళ్లకు గప్పీలు, మోలీలు. నియాన్ టెట్రాలు మెత్తటి నీళ్లకు. గోల్డ్ ఫిష్ కావాలంటే మొక్కల ఆశ వదులుకోండి.

మా బావమరిది చివరికి గ్యాసు వద్దనుకున్నాడు. సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి నీళ్లు సగం, క్యాను సగం. ఇసుక, ట్యాబ్లు, పది వాట్ల బాటెన్. మొక్కలు వాలిస్నేరియా, వెండ్టీ, కొయ్యకు కట్టిన అనుబియాస్ ఒకటి. రొటాలా మళ్లీ పెడతానంటే ఆగమన్నాను. వాలిస్నేరియా పిల్లలు నా ట్యాంకు నుంచే ఇచ్చాను. ఎండలో మొక్కలు తీసుకెళ్లేటప్పుడు కవరులో నీళ్లు నింపకూడదు, ఉడికిపోతాయి. తడిపిన న్యూస్ పేపర్లో చుట్టి, పాలిథిన్ కవరులో పెట్టి, గాలి ఊది ముడి వేసి, టిఫిన్ బాక్సు బ్యాగులో చల్లటి మజ్జిగ సీసా పక్కన పెట్టాను. పెరంబూరు నుంచి వేళచ్చేరికి రెండు రైళ్లు మారి వెళ్లేసరికి గంటన్నర అయింది. ఆకులు విప్పి చూస్తే ఒక్కటీ వాడలేదు, మజ్జిగ మాత్రం మా మేనల్లుడు తాగేశాడు.